అంచు చుట్టూ చీమలు

మే 5, సోమవారం
ఇంటి దగ్గర్నుంచి, ఇంటికే

నాన్నకి,

క్యారేజీ మూడో గిన్నె మూత తీసేసరికి అప్పడాల బదులు కాగితం కనపడి కంగారు పడతావని తెలుసు. అప్పడాలు కాగితం కిందే ఉన్నాయి. ముందు అన్నం తిను, తరవాత చదువు. చదివాక చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యి గానీ, క్రేన్ మీంచి కిందకి మాత్రం విసరకు. కింద బొగ్గు దగ్గర పనిచేసేవాళ్ళలో నా ఫ్రెండ్స్ ఇద్దరున్నారు. ఏరుకుని చదివేస్తారు.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాయడం ఏమిటంటావేమో. నాకు వేరే దారి వదల్లేదు నువ్వు. ఫిబ్రవరిలో నేను లారీలు తూకం వేసే వేబ్రిడ్జి దగ్గర లారీ నంబర్లు రాసే పని మానేసి వచ్చిన రోజు, పోర్టు గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర, మీ సెక్షన్ మొత్తం చూస్తుండగా అన్నావు, "నీకు ఉజ్జోగం వచ్చినదాకా నాను నీతో మాట్లాడను. మాట్లాడితే ఈ తవిటయ్య తవిటయ్యే కాదు" అని. నోటితో మాట్లాడనన్నావు, సరే. ఫోన్లో కూడా నా నంబరు బ్లాక్ చేయించావు. చేసిపెట్టింది నీ పక్క క్రేన్ నడిపే, పోర్టంతా బావా అని పిలిచే గోపి బావే అని నాకు తెలుసు. "బావా, నీకు బ్లాక్ సెయ్యడం రాదు, నాకు కాదనడం రాదు, మయేషు నన్నేటీ అనుకోకూడదు" అని నీతో అన్న మాట తనే వచ్చి నాకు చెప్పాడు.

ఇక అమ్మ. మొదటి రెండు నెలలూ నా మాట నీకూ నీ మాట నాకూ మోసింది. మొన్న చేతులెత్తేసింది. "నాను పోస్టుమేన్ని కాదురా. మీ అబ్బాకొడుకుల మద్దిన తిరగలేక మోకాళ్ళు అరిగిపోతన్నాయి. ఏటి సెప్పాలో కాయితం మీద రాసీ. క్యారేజీలో ఎట్టీస్తాను" అంది. నువ్వు పొద్దున్న ఐదున్నరకి షిఫ్టుకి వెళ్తావు. మధ్యాహ్నం నువ్వు ఇంటికొచ్చే టైముకి నేను ఉండను. నేను వచ్చేసరికి నువ్వు టీవీ వైపు తిరిగి ఉంటావు. అందుకని ఈ గిన్నె.

నేను ఎక్కడికి వెళ్తున్నానో నీకు తెలుసు గానీ తెలియనట్టు ఉంటున్నావు. సీతమ్మధారలో కళ్ళ క్లినిక్ వెనక సందులో కామరాజు మావయ్య షాపుకి. మేము చేసేది పర్సులు. తోలు పర్సులు, చేత్తో కుట్టేవి. "సెప్పులు కుట్టినోడి పక్కన కూకుంతన్నాడు" అని నువ్వు అమ్మతో అన్నది విన్నాను. మావయ్య పదిహేనేళ్ళు చెప్పులు కుట్టాడు, నిజమే. ఇప్పుడు క్లినిక్కులో కళ్ళ డాక్టరు ఆయన పర్సే వాడతాడు. నువ్వు ముప్పై నాలుగేళ్ళు తోలు బూట్లేసుకుని క్రేనెక్కావు, ఆ బూట్లు చెట్టుకి కాయలేదు కదా నాన్నా.

నేను చేసిన పనులన్నీ నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టి అమ్మకి చెప్తుంటావు. తొమ్మిదో తరగతిలో బెంచీ మీద కూచోలేక బడి మానేశాను. సెల్‌ఫోన్ రిపేరు, ఏసీ మెకానిక్ దగ్గర హెల్పరు, క్యాటరింగు, పార్సిళ్ళు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ప్లాంటులో పదకొండు రోజులు చేసి జలుబుతో మానేశాను. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక విషయం నువ్వు నమ్మవు. ఇప్పుడు నేను రోజుకి ఆరు గంటలు ఒకే పీట మీద కూచుంటున్నాను. నువ్వు చిన్నప్పట్నుంచీ నా కాలు ఊపే అలవాటుకి మొట్టికాయలేసేవాడివి. మావయ్య మొదటిరోజే చూశాడు. "ఆ కాలు ఊపుడు ఉంది సూడు, దాన్ని సేతుల్లోకి దింపు" అని ఒక పర్సూ ఒక నున్నటి కర్రా ఇచ్చాడు. పర్సు అంచు మెరవాలంటే ఆ కర్రతో జోరుగా, ఆపకుండా రుద్దాలి. నాలాంటివాడి కోసమే పుట్టిన పని అది.

నీ పర్సు చూస్తే నాకు ఏడుపొస్తుంది. లోపల అస్తరు, అంటే లోపలివైపు వేసే పొర, రెక్సిన్‌ది. అది పొట్టు రాలి నువ్వు నోటు తీసినప్పుడల్లా నీ వేళ్ళకి నల్లటి పొలుసులు అంటుతున్నాయి. అంచులు పగిలి పీచులు లేచాయి. దాన్నిండా కాగితాలు కుక్కి వెనక జేబులో పెట్టుకోవడం వల్ల నువ్వు కుర్చీలో కూచుంటే ఓడ ఒరిగినట్టు ఒక పక్కకి ఒరిగి ఉంటావు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నావు. మీటింగులో స్టేజీ మీద అలా ఒరిగి కూచుంటే ఫొటోలో బాగుండదు.

జవాబు రాయక్కర్లేదు. ఈ కాగితం చింపకుండా తిరిగి పంపితే చాలు, చదివావని అనుకుంటాను.

నీ కొడుకు,
ఉమామహేష్
(బ్లాక్ చేసిన నంబరు)


మే 15, గురువారం

నాన్నకి, మళ్ళీ మూడో గిన్నెలోంచే,

కాగితం చింపలేదు నువ్వు. నాలుగు మడతలు పెట్టి పంపావు. పైగా "ఓడ ఒరిగినట్టు" అన్న లైను మీద ఆవకాయ నూనెతో వేలిముద్ర ఉంది. అక్కడ ఆగి రెండోసారి చదివావు. అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "మీ నాన్న మొకం కాస్త మెత్తబడింది. షిఫ్టు నుంచి రాగానే నేరుగా ఫ్రిజ్ దగ్గరకెల్లి ఏదో సల్లగా తాగి, ఈలేసుకుంటా నడుం వాలుస్తన్నాడు" అని. నువ్వు ఈల వేసి ఎన్నాళ్ళయిందో. అదంతా నా ఉత్తరం మహిమే అనుకుని, ధైర్యం చేసి ఇంకోటి రాస్తున్నాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొన్న ఆదివారం నువ్వూ అమ్మా పోట్లాడుకోవడం గది లోపల్నుంచి విన్నాను.

"నా పాత ఖాకీ సొక్కాలు ఏవే?"

"నాకేటి తెలుసు. నాను కట్టుకుంతానేటి ఖాకీ?"

"ప్లాస్టిక్ బకెట్టోడికి ఏసీసినావు."

"ముప్పై నాలుగేళ్ళ సెమటకి ఆడు బకెట్టు ఇస్తాడేటి? మగ్గు కూడా ఇవ్వడు."

అమ్మ తప్పేం లేదు. ట్రంకుపెట్టెలో నువ్వు దాచుకున్న తొమ్మిది ఖాకీ చొక్కాలూ నేనే తీశాను. కోశాను. వాటితో ఏం చేస్తున్నానో ఈ నెలాఖరు దాకా అడక్కు. చపాతీల కర్ర కూడా నా దగ్గరే ఉంది. పాపం అమ్మ వారం రోజులుగా సీసాతో చపాతీలు ఒత్తుతోంది. అందుకే అవి విశాఖ జిల్లా మ్యాపులా వస్తున్నాయి, పిండి తప్పు కాదు.

చపాతీల కర్ర ఎందుకో మాత్రం చెప్తాను. పర్సుకి అస్తరు వెయ్యాలంటే తోలు లోపలివైపు జిగురు రాసి గుడ్డ అతికిస్తాం. నేను మొదటిది బల్ల మీద సాపుగా పరిచి, ఒక్క ముడత లేకుండా అతికించి, గర్వంగా మావయ్యకిచ్చాను. ఆయన దాన్ని మడిచాడు. మడవగానే లోపల గుడ్డంతా, నువ్వు లుంగీ కట్టుకుని కూచుంటే పొట్ట మడతలు పడినట్టు పడింది. మావయ్య నవ్వలేదు. "పర్సు పుట్టిందే ముడుసుకోడానికిరా. నువ్వు దాన్ని సాపగా పడుకోబెట్టి అతికించినావు. ముడిసినప్పుడు లోపలి గుడ్డ ఎక్కడికెల్తాది? ముందే వంచి అతికించు" అన్నాడు. అందుకని తోలుని చపాతీల కర్ర చుట్టూ వంచి, ఆ వంపులోనే గుడ్డ అతికిస్తున్నాను. ఇప్పుడు మడిచినా ముడత పడదు.

గుడ్డ అస్తరుతో ఇంకో చిక్కు ఉంది. తోలుతో సమానంగా గుడ్డ కోస్తే అంచులోంచి నూలుపోగులు మీసాల్లాగా బయటికొస్తాయి. ఎంత రుద్దినా మెరవదు. అందుకని గుడ్డని అంచుకి కాస్త లోపలే ఆపెయ్యాలి. కుట్టు దాన్ని పట్టుకుంటుంది, అంచుకి మాత్రం కనపడదు. నూలు మందం అటూ ఇటూ అయితే మళ్ళీ మొదట్నుంచి. తొమ్మిదో తరగతిలో లెక్కల మేష్టారు ఈ కొలత నా చేత గీయించలేకపోయాడు. కామరాజు మావయ్య గీయించాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాద్దామా వద్దా అని పది రోజులు చూశాను.

ఏప్రిల్లో గోపి బావ గృహప్రవేశానికి వచ్చాను నేను. నీకు తెలీదు. వడ్డనకి మనుషులు చాల్లేదని బావ పిలిచాడు. పందిట్లో నీ వెనక వరసకి సాంబారు వేస్తున్నాను. మీ పాత ఫోర్‌మేన్ కూర్మారావుగారు నీ పక్కన కూచుని అడిగారు.

"మీవోడు ఏటి సేత్తన్నాడు తవిటయ్యా?"

"మావోడా? సెన్నైలో ఉన్నాడండి. ట్రైనింగు."

"ఏటి ట్రైనింగు?"

"అదేనండి, కంపినీది."

తరవాత వడ్డించాల్సింది మీ వరసకే. నేను చెన్నైలో ఉన్నాను కదా, విశాఖపట్నంలో సాంబారు ఎలా వెయ్యను? బకెట్టు పక్కవాడికిచ్చి వెనక గోడ దూకి వెళ్ళిపోయాను. గోపి బావ ఇంటికి వెనక గేటు కూడా ఉందని దూకాక తెలిసింది. మోకాలు దోక్కుపోయింది. భోజనం పోయింది. నలభైమందికి సాంబారు వేసి నేను పస్తున్నాను. సాయంత్రం ఇంటికొస్తే వంటింట్లో పులిహోరా నాలుగు బూరెలూ పొట్లం కట్టి ఉన్నాయి. అమ్మ తెచ్చినట్టుంది. తిన్నాను. బూరెలు బాగున్నాయి. కానీ ప్రతి ముద్దకీ ఆ "సెన్నై" అడ్డం పడింది.

నువ్వు నన్ను తిడితే నాకు బాధ లేదు, అలవాటే. నన్ను ఊళ్ళో లేకుండా చేశావు. అదీ బాధ. ఒక చిన్న సంగతి చెప్పనా? మేము వాడే తోలు నిజంగానే చెన్నై నుంచి వస్తుంది. నీ అబద్ధంలో సగం నిజం. నేను తోలునైనా బాగుండేది.

ఈ కాగితం చింపేసినా ఏమీ అనుకోను.

నీ కొడుకు,
ఉమామహేష్,
చెన్నై (సీతమ్మధార వైపు)


మే 27, మంగళవారం

నాన్నకి,

ఈసారి హాస్యాలు లేవు. ఓడిపోయాను. మొత్తం చెప్పేస్తాను.

31న నీ రిటైర్మెంటు మీటింగులో సెక్షన్లో ఇరవై రెండుమందికీ పంచడానికి అమ్మ స్టీలు డబ్బాలు ఆర్డరిచ్చిందని అనుకుంటున్నావు. ఇవ్వలేదు. నేనే ఆపించాను. రిటైరైనవాళ్ళందరూ పేరు కొట్టించి డబ్బాలే పంచుతారు. మనింట్లో ఉన్నవన్నీ అలా వచ్చినవే. అమ్మ "కూర్మారావులో కందిపప్పు అయిపోనాది, అప్పలస్వామిలో కారం తడిసింది" అంటుంటే ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుంటారు కొత్తవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళు క్రేన్ నడిపి, చివరికి నువ్వు ఇరవై రెండు ఇళ్ళలో ఉప్పు డబ్బా అవ్వడం నాకిష్టం లేకపోయింది.

అందుకని ఇరవై రెండు పర్సులు కుట్టాను. పైన తోలు, లోపల అస్తరు నీ ఖాకీ చొక్కాలు. నీతో పనిచేసినవాళ్ళు పర్సు తెరిచినప్పుడల్లా నువ్వు వేసుకున్న గుడ్డ కనపడాలని. ఒకదానికి జేబు ముక్క వచ్చింది, ఒకదానికి బొత్తాం కాజా. ఒకదానికి సిరా మరక ఉన్న ముక్క వచ్చింది, అది పారేద్దామనుకుని, చివికిపోయినవి పోను గట్టి గుడ్డ చాలక వేసేశాను. ఆ మీటింగులో నువ్వు వాటిని పంచుతుంటే ఎవరైనా "ఎక్కడ కొన్నావు తవిటయ్యా" అంటారని, అప్పుడు నువ్వు ఏం చెప్తావో విందామని నా ఆశ. చెన్నై అన్నా సరే.

ఇక అంచుల సంగతి. అంచు మెరవాలంటే ముందు గరుకు కాగితంతో సాపు చేసి, బాదం బంక రాసి రుద్దాలి. అదే, వేసవిలో నానబెట్టుకుని తాగే బాదం బంకే. ఏడెనిమిది గంటలు నానితే ఐసుముక్కల్లా ఉబ్బుతుంది. ఆ జిగురు పీచుల్ని అణిచి పట్టుకుంటుంది. ఆఖర్న తేనెమైనం పూసి వదిలేస్తే నీరు కూడా లోపలికి పోదు. నేను రోజూ పొద్దున్న ఫ్రిజ్‌లో స్టీలు గిన్నెలో బంక ఉంచి, సాయంత్రం వచ్చాక వడకట్టి సీసాలో పోసుకుని, మర్నాడు షాపుకి పట్టుకెళ్ళేవాణ్ణి. ఈ ఎండలకి బయట పెడితే పులిసిపోతుంది.

సాయంత్రానికి గిన్నె సగమే ఉండేది. ఫ్రిజ్‌లో కూడా ఇంకిపోతుందేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ నానబెట్టేవాణ్ణి. ఒకరోజు కామరాజు మావయ్య పర్సు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏటిరా, నీ అంచులు ఏలక్కాయల వాసనేస్తన్నాయి? పర్సు కుట్టినావా, పరమాన్నం వండినావా?" అన్నాడు. ఫ్రిజ్ వాసన అన్నాను. కానీ మెరుపు మాత్రం, నాన్నా, అద్దంలా వచ్చింది. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. మావయ్య కూడా అంచు వేలితో తడిమి చూసి "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఆ "ఊఁ" రావడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇరవై రెండూ అయ్యాక అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను. ఇక మైనం పూయడమే తరువాయి. నిన్న పొద్దున్న మైనం పట్టుకుని పెట్టె తెరిచాను.

చీమలు. ఎర్రచీమలు. ఒక్కటి కూడా కుట్టు మీదకి ఎక్కలేదు, తోలు మీదకి రాలేదు, ఖాకీ జోలికి పోలేదు. సరిగ్గా అంచు చుట్టూ, పట్టుచీరకి బోర్డర్ వేసినట్టు, వరసలో నడుస్తున్నాయి. ఇరవై రెండు పర్సులకీ ఇరవై రెండు బోర్డర్లు. నేను మూడు నెలలు నేర్చుకున్న దారి అవి ఒక్క పూటలో నేర్చేసుకున్నాయి.

అమ్మని అడిగాను, "నా గిన్నెలో పంచదార వేశావా?" అని. అమ్మ దేవుడి పటం మీద చెయ్యేసి ఒట్టేసింది. "నీ బంక నానెందుకు ముట్టుకుంతాను, సపాతీల కర్ర ఎత్తికెల్లినోడివి" అంది. ఇంట్లో మూడో మనిషివి నువ్వు. నువ్వు నా వస్తువులు ముట్టుకోవు కదా. కాబట్టి నా ఖర్మే అనుకోవాలి. కిరాణా కొట్టువాడు తీపి బంకేదో ఇచ్చుంటాడు.

మావయ్యకి చెప్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. తరవాత చెప్పాడు, మైనం ఇంకా పూయలేదు కాబట్టి పర్సులు పోలేదట. తడిగుడ్డతో అంచులు మూడుసార్లు తుడిచి తీపంతా తీసేసి, ఆరబెట్టి, మళ్ళీ గరుకు కాగితం, మళ్ళీ మంచి బంక, మళ్ళీ రుద్దుడు. ఒక్కోదానికి గంటన్నర. ఇరవై రెండింటికి ఎంతో నువ్వే చూసుకో, మధ్యలో షాపు పని ఉంది, మిగిలింది నాలుగు రోజులు. నా ఒక్కడి వల్ల కాదు.

అందుకని నిర్ణయం తీసుకున్నాను. 31న స్టీలు డబ్బాలే పంచు. సాయంత్రం కొట్టుకెళ్ళి నేనే ఆర్డరిచ్చేస్తాను. ఒకటో తారీకు నుంచి వేబ్రిడ్జికి వెళ్తాను. కాంట్రాక్టరుని నువ్వు అడగక్కర్లేదు, నేనే కాళ్ళు పట్టుకుంటాను. లారీ నంబర్లకి చీమలు పట్టవు. అప్పుడు నాకు ఉద్యోగం వచ్చినట్టే, నీ ఒట్టు తీరినట్టే. మామూలుగా మాట్లాడుకోవచ్చు. నాలుగు నెలలయింది నాన్నా. నువ్వు తిడితే వినాలని ఉంది.

ఓడిపోయిన నీ కొడుకు,
ఉమామహేష్


మే 29

మయేషుకి,

నీలాగ పుస్తకంలో రాసినట్టు రాయడం నాకు రాదు. ఏడో తరగతి దాకా సదువుకున్నాను. నోటికొచ్చినట్టు రాస్తన్నాను. తప్పులుంటే నీకన్నా తక్కువే ఉంతాయి.

స్టీలు డబ్బాలు ఆపీసినాను. నువ్వు ఎల్లి ఆర్డరిచ్చినాక నాను ఎనకే ఎల్లి ఒద్దన్నాను. కొట్టోడు "మీ ఇంట్లో ఎవరి మాట వినాల" అన్నాడు. మీయమ్మ మాట అన్నాను.

నీ మూడో ఉత్తరం క్రేన్ మీద అన్నం తిన్నాక సదివినాను. సదువుతా సదువుతా సీమల దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయినాను. క్రేను నడపాల్సిన టైమయినా బొగ్గెత్తే గ్రాబు గాల్లోనే ఆగిపోయింది. గోపి వాకీటాకీలో "ఏటి బావా, గుండెల్లో నొప్పేటి?" అని కంగారు. "కాదురా, సీమలు" అన్నాను. ఆడు అంబులెన్సుకి ఫోను సెయ్యబోయినాడు.

ఇప్పుడు నువ్వు పీట మీద కాలు ఊపకుండా కూకొని సదువు.

నీ గిన్నెలో పంచదార ఏసింది నానే.

మే నెల మొదట్లో ఓ రోజు షిఫ్టు నుంచి ఒచ్చి ఫ్రిజ్ తీసినాను. ఆ క్రేను కేబినులో ఎండకి ఒళ్ళు ఉడికిపోయి ఉంది. ఎదురుగా గిన్నెడు బాదం బంక. మీయమ్మని అడిగితే "మీ అబ్బాయి ఎట్టినాడు" అంది. అంతే అంది. ఎవరికోసమో సెప్పలేదు. నాను అడగలేదు. గుంటడు నోటితో సెప్పలేక గిన్నెలో ఎట్టినాడు అనుకున్నాను. ఎండకి నాకు ఒంట్లో ఏడి సేస్తాదని తెలిసి నానబెట్టినాడు అనుకున్నాను. తిన్నాను. సప్పగా ఉంది. తోలు పనోడికి పంచదార ఎయ్యడం ఏటి తెలుస్తాదిలే అని మూడు రోజులు సప్పగానే తిన్నాను. నాలుగో రోజు నానే పంచదార ఏసి, కూర్మారావు కింద దాసిన ఏలక్కాయలు నాలుగు దంచి ఏసి, సగం తిని, సగం నీకు ఒగ్గీసాను. నువ్వు ఎండలో తిరిగి ఒస్తావు కదా అని. మర్నాడు షిఫ్టు నుంచి ఒచ్చేసరికి గిన్నె మళ్ళీ నిండుగా ఉండేది. నాను ఒగ్గీసింది నువ్వు తిని, నాకోసం మళ్ళీ నానబెట్టినావనుకున్నాను. రోజూ ఇదే. నువ్వు ఎక్కువ ఎట్టేకొద్దీ నాను ఎక్కువ పంచదార ఏసినాను. మనం మాట్లాడుకుంతన్నామనే అనుకున్నానురా నాను.

ఈలేసింది అందుకు. నీ ఉత్తరం మహిమేటీ కాదు. ఉత్తరంలో ఓడ ఒరిగిపోయినట్టు అన్నావు, దానికి ఎవుడైనా ఈలేస్తాడేటి?

గోపి ఇంట్లో సంగతి. నీ సేతిలో సాంబారు బకెట్టు నాను సూసినాను. మాట నోట్లోంచి ఎల్లిపోయినాక ఎనక్కి తిరిగితే నువ్వు అది పక్కోడికిచ్చి గోడ దూకుతన్నావు. లేచి రాబోయినాను, కూర్మారావుగారు సెయ్యి పట్టుకుని ఆయన మోకాళ్ళ ఆపరేషను మొత్తం సెప్పినారు. ఆ పులిహోర, బూరెలు మీయమ్మ తేలేదు. నాను నా ఆకులోవి తినకుండా తువ్వాల్లో కట్టి తెచ్చినాను. మూడు బూరెలు నావి, ఒకటి కూర్మారావుగారిది. ఆయన సూడలేదు.

అంత సేసినోడివి నోటితో ఒక్క మాట అనలేకపోయినావా అంతావు. అనలేకపోయినాను. టీ బడ్డీ దగ్గర ఒట్టేసినాను కదా. ఇరవై రెండుమంది ఎదర.

నిన్నా ఈ రోజూ లీవు ఎట్టినాను. రిటైర్మెంటుకి రెండ్రోజుల ముందు లీవేటి అని సెక్షనంతా నవ్వినారు. నువ్వు నిన్న పొద్దున్న షాపుకి ఎల్లగానే నానూ మీయమ్మా పెట్టె లాగినాం. ఆవిడ సీమలు దులిపింది, నాను తడిగుడ్డతో తుడిసినాను. మూడుసార్లు అన్నావు, నాను అయిదుసార్లు తుడిసినాను. రుచి కూడా సూసినాను, అంచు నాలిక మీద ఎట్టి. ఇప్పుడు తీపి లేదు. ఒకటి తప్ప అన్నీ మేడ మీద నీడలో ఆరతన్నాయి. కింద నీళ్ళ పళ్ళెంలో పీట ఎట్టి దాని మీద ఎట్టాను, సీమలు ఈదుకుని రావాల. గరుకు కాయితం, రుద్దుడూ నా వల్ల కాదు. ఒకటి రుద్ది సూసినాను. సెయ్యి పీకీసింది. ముప్పై నాలుగేళ్ళు లివర్లు లాగిన సెయ్యి అది. నువ్వు ఇది రోజూ సేత్తన్నావు. నాకు తెలీదు.

తుడుస్తా తుడుస్తా ఒక పర్సు తెరిస్తే సిరా మరక కనిపించింది. పారేద్దామనుకున్నానని రాసినావే, అది. అది ఏ మరకో తెలుసా? నువ్వు పుట్టిన్నాడు ఆసుపత్రిలో కాయితాలు రాస్తంటే జేబులో పెన్ను కక్కింది. మీయమ్మ ఇన్నేళ్ళు ఉతికినా పోలేదు. అందుకే ఆ సొక్కా దాసినాను. ఆ పర్సు నాను ఎవరికీ ఇవ్వను. నా పాతది పొయ్యిలో ఏసీసినాను, కాయితాలు ఇందులోకి మార్సినాను. సగమే పట్టినాయి, మిగతావి మీయమ్మ కొంగులో ముడేసింది. ఇంక నాను ఒరగను. అంటే పంచడానికి ఇరవై ఒకటే ఉన్నాయి. 31లోగా ఇంకోటి కుట్టు. దానికి గుడ్డ ఈ కాయితంతో పాటు ఎట్టాను. నాను ఇప్పుడు ఏసుకున్న సొక్కా తోక. కత్తిరించినాను, లోపలికి దోపుకుంటే కనపడదు.

మీటింగులో మైకు ఇస్తారు. ఎక్కడ కొన్నావు అని అడుగుతారు. "తోలు సెన్నై నుంచి ఒచ్చింది, కుట్టినోడు మావోడు, సీతమ్మధారలో కామరాజుగారి దగ్గర పని సేత్తన్నాడు" అని సెప్తాను. కామరాజుగారిని నాను రమ్మన్నానని సెప్పు. ముందు వరసలో కూకోమను. నా మాట నమ్మకపోతే వేలితో అంచు తడిమి సూసుకోమంతాను అందర్నీ.

వేబ్రిడ్జికి ఎల్లకు. ఆ కాంట్రాక్టరు నీకన్నా మంచి సేతిరాత ఉన్నోణ్ణి ఎట్టుకున్నాడు.

ఇంక ఒట్టు సంగతి. ఉజ్జోగం లేనోడితో మాట్లాడనని కదా ఒట్టు. ఇరవై రెండు పర్సులు కుట్టినోడికి ఉజ్జోగం లేదని ఎవుడంతాడు? 31 సాయంత్రం నుంచి ఉజ్జోగం లేనిది నాకు. ఒట్టు పెకారం అప్పుడు నువ్వు నాతో మాట్లాడకూడదు. అలగ సెయ్యకు.

ఫోను గోపికిచ్చి బ్లాకు తీయించినాను. ఈ కాయితం ఫ్రిజ్‌లో గిన్నె కింద ఎడతన్నాను, మన పోస్టుడబ్బా అదే కదా. రేపట్నుంచి రెండు గిన్నెలు ఎట్టు. ఒకటి తోలుకి, ఒకటి నాకు. మూత మీద పేర్లు రాసి అంటించు, మీయమ్మకి అర్దమయ్యేటట్టు.

నాదాంట్లో పంచదార నువ్వే ఎయ్యి.

తవిటయ్య,
నాలుగో నంబరు క్రేను,
ఇంకా రెండ్రోజులు